వరసలో మనిషి

వీధిలో బిందెలు వరస పెట్టాలి. అల్లుడికి క్యారియర్ కట్టాలి. పాపకు గంజి కాచాలి. లారీ వస్తే నీళ్లు పట్టాలి. కళ్లాసుపత్రికి పోవాలి.

ఆ చివరి పనే కనకవల్లికి మూడుసార్లు తప్పిపోయింది. కుడికంట్లో పొర ముదిరింది. ఈసారి రాకపోతే ఆపరేషన్ జాబితాలోంచి పేరు కొట్టేస్తామన్నారు.

"ఈ పొద్దు నువ్వు ఇంట్లో ఉండవే, భువనా."

కూతురు భువనేశ్వరి కుచ్చిళ్లు సర్దుకుంటూ గడియారం చూసింది. ఆ ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమే. పేద ఆడవాళ్లకు కుట్టుపని నేర్పి కంపెనీల్లో చేర్చే సర్కారు పథకం ఎంత మేలు చేసిందో లెక్కగట్టడం ఆమె ఉద్యోగం. ఆ రోజే పెద్దాఫీసరు ముందు రిపోర్టు చదవాలి.

"ఈ పొద్దా! వచ్చే వారం పోమ్మా. నీకేం, ఇంట్లో ఖాళీగానే కదా ఉంటావు?"

కనకవల్లి చేతిలో బిందె దబ్బున కిందపడింది.

"ఖాళీనా? సెరి. నా ఖాళీ ఎట్లుంటాదో ఒక్క పూట నువ్వుండి చూడు!"

పక్కింటి చెల్లమ్మ చెయ్యి పట్టుకుని వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు.

భువనేశ్వరి బిందెలు వరసలో పెట్టి, పాపను చంకనేసుకుని ఎండలో నిలబడింది. లారీ జాడ లేదు. ఇంట్లోంచి మాడువాసన వస్తే పరుగెత్తి గంజి దించి వచ్చింది. అంతలోనే లారీ వచ్చేసింది. ఆమె బిందెలు వరస చివర పడున్నాయి.

"ఎవరు జరిపింది?"

"మనిషి లేని బిందెకు వరస లేదక్కా," అంది ఎదురింటి జెబ. "మీ అమ్మయితే మోకాళ్లు లాగినా ఆడ్నుంచి కదలదు."

"నువ్వు కుట్టు కంపెనీలో చేరినావు కదా? పనికి పోలేదా?"

"మానేస్తిని. నేను పోతే ఈడెవరు నిలబడేది? నా పెద్దపిల్ల బడి మాని నిలబడతా ఉండింది. అది వద్దనుకుంటిని."

భువనేశ్వరికి తన రిపోర్టులోని వాక్యం గుర్తొచ్చింది: ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్ల పొద్దుకు వెల లేదు గనుక, వచ్చే జీతమంతా లాభమే.

బిందెలు నిండలేదు, లారీ ఖాళీ అయిపోయింది. ఆమె వీధి చివర కాయిన్ బాక్సు ఫోను దగ్గరికి నడిచి పెద్దాఫీసరుకు ఫోను చేసింది.

"సార్, రిపోర్టులో తప్పుంది. నేనే రాసినాను. దిద్దినాకే చదువుతాను."

సాయంత్రం కనకవల్లి వచ్చింది. "సోమవారం ఆపరేషనంట. నీళ్లెట్లా?"

"నేను నిలబడతాలే. సెలవు చెప్పినా."

"గంజి మాడబెట్టినావు కదూ?" ముక్కు ఎగబీల్చింది తల్లి.

భువనేశ్వరి నవ్వబోయి, ఆమె భుజం మీద ముఖం దాచుకుని ఏడ్చేసింది.

చదివినవారికి ఒక్క మనవి. ఈ పూట మీ ఇంట్లో బిందె నిండి ఉంటే, సగం చూపుతో ఎండలో వరస విడవకుండా నిలబడిన కనకవల్లిని ఒక్కసారి తలుచుకోండి.