నూటపన్నెండు విజయమాడలు

మాణిక్యగిరి రాజధానిలో ఆనాడు నదీఘట్టం మొదలు కోటగుమ్మం దాకా ఇసుక వేస్తే రాలనంత జనం. మేడల మీద, గోడల మీద, ఏనుగుశాల కప్పుల మీద సైతం నిలిచిన పురజనులు పూలు చల్లుతూ ఉండగా, నడుమ వీధిలో నూటపన్నెండుమంది రౌతులు కాలినడకన వస్తున్నారు. వరదపొంగులో కృష్ణవేణిని ఈది, అవతలి గట్టున విడిసివున్న పరరాజు దండును ఒక్క పూటలో చెల్లాచెదురు చేసిన ఎనిమిదివందల మందిలో మిగిలినవారు వీరే. కొందరు కుంటుతున్నారు, కొందరి తలలకు కట్లు. ముందు నడుస్తున్నవాడు దండనాయకుడు సూరపనాయకుడు. జనం జయజయధ్వానాలు చేసినప్పుడల్లా అతడు వెనక్కు తిరిగి, ఆ ధ్వానం తనది కాదన్నట్టు, తన రౌతులను చూపేవాడు.

సభాప్రాంగణంలో వల్లభదేవ మహారాజు సింహాసనం దిగివచ్చి ఒక్కొక్కరి అరచేతిలో ఒక బంగారు మాడ ఉంచాడు. ఆ నాణెం మీద అలలను చీల్చుకుంటూ ఎగసిన గుర్రం, దాని జూలులో నీటిబొట్లు, వెనుక రాజముద్ర ఉన్నాయి. వేదికకు పక్కగా చేతులు కట్టుకొని నిలుచున్న, నాణేలు పోసే టంకశాల అధిపతి ప్రోలోజు వీరుల ముఖాలు చూడడం లేదు. వారి అరచేతుల్లో తన గుర్రం ఎలా మెరుస్తున్నదో చూస్తున్నాడు. ఆ అచ్చు చెక్కడానికి అతనికి పదకొండు నెలలు పట్టింది. యుద్ధానికి ముందే, మరొక సందర్భానికని ఆ గుర్రాన్ని మొదలుపెట్టి, విజయవార్త విన్నాక అలలు, నీటిబొట్లు చేర్చి, తన నలభైయేళ్ళ పనితనమంతా అందులో పోశాడు.

చివరి మాడ ఇచ్చి మహారాజు సభకు అభిముఖుడై ఇట్లు పలికాడు: "ఈ విజయమాడలు నూటపన్నెండే. నూటపదమూడవది పుట్టదు. బంగారం నా భాండాగారంలో ఉన్నది, ఎన్ని మాడలైనా పోయించగలను. ఆనాడు ఏరు దాటినవారిని మాత్రం ఒక్కరినైనా పెంచలేను. ఈ మాడ చూపినవానికి రాజ్యంలో ఏ వాకిలీ మూయబడదు. ఇది నా మాట. ప్రోలోజా, అచ్చు విరగగొట్టుము."

ప్రోలోజు దాగలి మీద అచ్చును ఉంచి సమ్మెట ఎత్తాడు. అచ్చు రెండు ముక్కలైంది. సభ హర్షించింది. విరిగినది అసలు అచ్చు కాదు. పని మొదట్లో చెడిపోయి మూలపడిన మరొక అచ్చు అది, దూరానికి ఏదైనా ఒక్కటే. అసలుదాన్ని అతడు ఆ ఉదయమే పట్టుగుడ్డలో చుట్టి, ఇంట్లో దేవుని అరలో పెట్టి వచ్చాడు. అమ్మాలని కాదు, వాడాలనీ కాదు. ఒక్క దెబ్బతో దాన్ని చంపుకోవడానికి చేయి రాలేదు, అంతే.

ఏడాది గడిచేసరికి ఆ మాడల కథ వేరే అయింది. తూకానికి అవి ఒక్కొక్కటి ఒక్క మాడే. అయినా వర్తకశ్రేణి పెద్ద ఎరకమసెట్టి ఒక్కొక్కదాని మీద యాభై మాడల సరుకు ఇస్తానని చాటాడు. ముప్పై గ్రామాలేలే ఒక మన్నెదొర ఒక కుంటి రౌతు ఇంటికి స్వయంగా వెళ్ళి ఎనభై ఇస్తానంటే, ఆ రౌతు మంచినీళ్ళిచ్చి సాగనంపాడు. దొరలందరికీ ఆ గుర్రం మీద మోజు పుట్టింది. డబ్బుకు దొరకదన్న కొద్దీ మోజు పెరిగింది.

ఆ మోజును కనిపెట్టినవాడు మహాప్రధాని నామయ ప్రెగడ. మన్నెదొరలను తన చేతిలో పెట్టుకొని, రాజును పేరుకు మాత్రం నిలిపి, రాజ్యం తానే నడపాలని అతని ఆలోచన. అందుకు అడ్డు సూరపనాయకుడొక్కడే. ఒకనాటి మధ్యాహ్నం ప్రెగడ టంకశాలకు వచ్చి, పనివారిని బయటికి పంపి, ప్రోలోజు ఎదుట పీట మీద కూర్చున్నాడు.

"ప్రోలోజా, ఆనాడు విరిగిన అచ్చు ముక్కలు తెప్పించి చూశాను. గుర్రానికి జూలులో నీటిబొట్లు లేవు."

ప్రోలోజు చటుక్కున తలుపు వైపు చూశాడు.

"భయపడకుము. నీవు దొంగవు కావని నాకు తెలుసును. శిల్పివి. బిడ్డను చంపుకోలేకపోయావు. నా భాండాగారం నుండి బంగారం పంపుతాను, గీటురాయి మీద వన్నె తగ్గదు, తూకంలో గురిగింజంత తగ్గదు. నాలుగువందల మాడలు పోయుము. ఎవరికి నష్టం?"

"మహామంత్రీ, ఏలినవారు నూటపన్నెండే అన్నారు."

"అన్నారు. అచ్చు విరగగొట్టుమనీ అన్నారు."

ఆ మాటతో ప్రోలోజు తల వాలిపోయింది. మూడు నెలలపాటు ప్రతి మాడనూ అతడు తన చేతులతోనే ముద్రించాడు. ఏడాదిపాటు చెమ్మ తగిలినందువలన కాబోలు, మొదటి దెబ్బకే అచ్చులో గుర్రపు వెనుక గిట్ట కింద వెంట్రుకవాసి చీలిక పడింది. అతడు తప్ప మరొకరు గుర్తుపట్టలేనంత సన్నని గీత. బంగారం మేలిమిదే, తూకం సరైనదే, ముద్ర తనదే, ఇందులో అబద్ధమెక్కడ ఉందని తనకు తాను చెప్పుకునేవాడు. చెప్పుకున్న ప్రతిసారీ అన్నం సయించేది కాదు.

మరుసటి ఏడు పరరాజు పగతో తిరిగివచ్చి సరిహద్దులోని గుండ్లకొండ దుర్గాన్ని మూడువైపులా ముట్టడించాడు. లోపల సూరపనాయకుడు, ఐదువందల మంది జనం ఉన్నారు. నాలుగోవైపు అడవిదారి మాత్రం తెరిపిగా ఉంది. అదే సమయాన మహారాజు విషజ్వరంతో మంచం పట్టాడు. దుర్గం నుండి వచ్చిన లేఖలను ప్రెగడ దాచివేసి, అక్కడ ఆరునెలల గ్రాసం ఉన్నదని రాజబంధువులను నమ్మించాడు. దండనాయకుని భార్య ముప్పాంబ రాజదర్శనానికి మూడుసార్లు వెళ్ళి మూడుసార్లూ వాకిట నుండే మరలింది.

అప్పుడొక వేగు అడవిదారిన వచ్చి ఆమె ముందు ఒక తోలుసంచి పెట్టాడు. అందులో అరవైయొక్క విజయమాడలున్నాయి. దుర్గంలోని రౌతులందరూ మెడలో తాళ్ళు తెంపి ఇచ్చినవి. వాటితో ధాన్యం కొని, పెరికెద్దుల మీద అడవిదారిన పంపుమని సూరపనాయకుడు కబురు చేశాడు.

మాడ చూపినా ప్రెగడ కాపలావారు రాజవాకిలి తెరవరని ఎరిగి, ముప్పాంబ తిన్నగా ఎరకమసెట్టి ఇంటికి వెళ్ళింది. సెట్టి లేచి ఆసనమిచ్చాడు. సంచి విప్పి ఒక్కొక్క మాడనూ తిప్పి చూశాడు. ఆ తరువాత మనిషిని పంపి ప్రోలోజును పిలిపించాడు.

"ప్రోలోజుగారూ, వీటిని పరీక్షించండి," అని ఆ అరవైయొక్కటీ ఒకవైపు పోసి, తన పెట్టె నుండి మరికొన్ని తీసి ఇంకొకవైపు పోశాడు. "ఇవి ఈ మూడు నెలల్లో నా దగ్గరకు వచ్చినవి, ఎనభైనాలుగు. మన్నెదొరల మనుషులు తెచ్చారు. తోటి వర్తకుల వద్దకూ ఇలాగే వస్తున్నాయట. వీటిలో దొంగవి ఏవి?"

ప్రోలోజు ఒక్కొక్కదాన్ని వెలుతురుకు తిప్పి చూశాడు. సెట్టివైపు ఉన్న ప్రతిదానికీ గిట్ట కింద గీత ఉంది. ముప్పాంబవైపు ఉన్న ఒక్కదానికీ లేదు. నాలుక చివరిదాకా మాట వచ్చింది. ఆ మాట వెనుకనే దాగలి, సమ్మెట, సభ, రాజు ముఖం కళ్ళముందు ఆడాయి.

"అన్నీ మేలిమి బంగారమే. ముద్ర అంతా ఒక్కటే," అన్నాడు.

"అయితే నూటపన్నెండు అన్న మాటే నిజం కాదు," అని సెట్టి నిట్టూర్చాడు. "అమ్మా, మన్నించాలి. ఈ మాడకు యాభై ఇచ్చింది బంగారానికి కాదు. ఇంకొకటి దొరకదన్న నమ్మకానికి. ఎన్ని ఉన్నాయో తెలియనినాడు ఇది ఉత్త మాడ. అరవైయొక్క మాడలకు ధాన్యం రెండు పూటలకు సరిపోదు. శత్రువు కళ్ళముందు నుండి ఎద్దులు తోలుకువెళ్ళడానికి నా మనుషులెవరూ ఆ డబ్బుకు ప్రాణం పెట్టరు. ఊరికే పంపుదామంటే మునుపే ఈ ఎనభైనాలుగింటికీ యాభై చొప్పున ఇచ్చి మునిగివున్నాను."

ముప్పాంబ ప్రోలోజు వైపు తిరిగింది. "ఓజయ్యా, తమరు చెక్కినవారు. ఇవి నా భర్తవీ, ఆయన రౌతులవీ అని చెప్పడానికి ఏ ఆనవాలూ లేదా?"

"లేదమ్మా," అన్నాడు ప్రోలోజు.

ఆమె సంచి మూతి బిగించి నమస్కరించి వెళ్ళిపోయింది. ఆ నమస్కారం అతడు మరి మరువలేకపోయాడు.

పందొమ్మిదవ రోజున మహారాజు జ్వరం నుండి తేరుకొని సభ తీర్చాడు. ప్రెగడ లేచి గంభీరంగా పలికాడు: "మహాప్రభూ, చెప్పడానికి నోరు రాని వార్త ఇది. తమ ప్రసాదమైన విజయమాడలు సంతలో కుప్పలుగా దొరుకుచున్నవి. సూరపనాయకుడు గుండ్లకొండలో దొంగ టంకశాల నడిపి, ఆ మాడలతో మన్నెదొరలను కొని, తమపై తిరుగుబాటుకు పొంచివున్నాడు. ముట్టడి అతడు ఆడించుచున్న నాటకం. అటువంటివానికి సేనలు పంపుట తగదు."

రాజు టంకశాల అధిపతి వైపు తిరిగాడు. "ప్రోలోజా, నీ ముద్ర నీవెరుగుదువు. ఆ మాడలు దొంగవా?"

తాను తప్పించుకోవడానికి ఒక్క 'అవును' చాలు. ప్రెగడ చూపు అదే చెబుతోంది. స్తంభం పక్కన ముప్పాంబ నిలిచివుంది. ఆమె ఇప్పుడు ఏ ఆశతోనూ చూడడం లేదని ప్రోలోజుకు కనిపించింది. అతడు నడుమున దోపుకున్న పట్టుగుడ్డ మూట తీసి రాజు పాదాల ముందు విప్పాడు.

"ఏలినవారు ఆనాడు విరగగా చూసినది మరొక అచ్చు. అసలుది ఇది. నా పనితనం మీద మమకారంతో దాచుకున్నాను. ప్రెగడగారు కనిపెట్టి, నాలుగువందలు పొయ్యమన్నారు. పోశాను. మహాప్రభూ, ఏ ఒక్క మాడలోనూ దోషం లేదు. దోషం సంఖ్యలో ఉన్నది. తమరు నూటపన్నెండుమందికి ఇచ్చిన మాటను నేను ఐదువందల ముక్కలు చేశాను. నేను పోసినవాటికి గుర్రపు వెనుక గిట్ట కింద గీత ఉంటుంది. దండనాయకులు పంపినవాటికి ఉండదు. ఆ సంగతి పందొమ్మిది రోజుల నాడే ఎరుగుదును. చెప్పలేదు."

"ప్రాణభయంతో పలికే మాటలు," అన్నాడు ప్రెగడ. అంతలో మన్నెదొరలలో వృద్ధుడొకడు లేచి, తన మెడలోని మాడ తీసి అచ్చు పక్కన పెట్టి, "ఇది నాకు ప్రెగడగారు ఇచ్చినది. ప్రతిగా ఆయన పక్షాన నిలుస్తానని మాట పుచ్చుకున్నారు," అన్నాడు. దాని గిట్ట కింద గీత ఉంది. ఒకరి వెనుక ఒకరు మరి ఐదుగురు లేచారు.

ప్రెగడను సంకెళ్ళతో తీసుకుపోయారు. అతని గాదెలు తెరిపించి, ఆ ధాన్యంతో సేన బయలుదేరాలని రాజు ఆజ్ఞాపించాడు. ప్రోలోజు మోకరిల్లి, తన కుడిచేయి నరికించుమని వేడుకున్నాడు.

"శిక్ష సంగతి తరువాత," అన్నాడు రాజు. "ముందు ధాన్యంతో నడువుము. నీవు చేసినదేమిటో కన్నులారా చూడుము."

ఐదవనాడు సేనతోపాటు ముప్పాంబ, ప్రోలోజు గుండ్లకొండ చేరారు. రాజధ్వజాన్ని చూసి శత్రువు ఒక్క పూట పోరి వెనుదిరిగాడు. దుర్గం తలుపు తెరుచుకోవడానికి చాలాసేపు పట్టింది. లోపల గడియ ఎత్తడానికి ఆరుగురు కావలసివచ్చింది. వారిలో గుండయ అనే రౌతు ముప్పాంబను గుర్తించి, నేల మీద సాగిలపడి, లేవలేక అక్కడే కూర్చుండిపోయాడు.

"తల్లీ, దొరగారు నాలుగు రోజుల నాడు పోయారు. తూర్పుగోడ పడినచోట నిలిచి పోయారు. అప్పటికి ఆయన అన్నం ముట్టి వారం. తలుపు తెరిస్తే ధాన్యమిస్తామని శత్రువు కబురంపాడు. మా మాడలు చెల్లలేదని వేగు ఆ సంచి తిరిగి తెచ్చి చెప్పినప్పుడు మాలో కొందరు, రాజుగారు మనల్ని వదిలేశారు, ఇంకెవరి కోసం ఈ ఆకలి అన్నారు. దొరగారు ఒక్కటే మాట అన్నారు: 'రాజుమాట చెల్లకుండా పోదు. దారిలో ఏదో అడ్డుపడింది.' దాంతో ఎవరూ నోరెత్తలేదు."

మూటలు దింపుతున్న ప్రోలోజు చేతులు ఆగిపోయాయి. ముప్పాంబ గోడ దగ్గరకు వెళ్ళి చాలాసేపు నిలిచి, తిరిగి వచ్చేటప్పుడు అతనిని ఒక పక్కకు పిలిచింది.

"ఆనాడు సెట్టిగారి ఇంట్లో చెప్పివుంటే ఎద్దులు ఎన్నాళ్ళలో చేరేవి?"

"ఆరు రోజుల్లో, అమ్మా."

"అయితే ఆయన ఉండేవారు."

"ఉండేవారు."

"నన్ను క్షమించుమని అడగకండి. క్షమిస్తే మీకు తేలికవుతుంది. నాకు అంత మంచితనం లేదు." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "మీరెవరో ఇక్కడ ఎవరికీ చెప్పను. చెప్పుకుంటే మీరే చెప్పుకోవాలి."

రాజు అతని చేయి నరికించలేదు. అచ్చును సభలోనే పొడి చేయించి, అదనపు మాడలను వెదికి తెప్పించి కరగించి, ప్రోలోజును టంకశాల నుండి తొలగించాడు. ప్రోలోజు రాజధానికి తిరిగిపోలేదు. గుండ్లకొండలోనే ఉండి, పడిపోయిన తూర్పుగోడకు రాళ్ళు మోసేవాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పేరడిగితే మాట తప్పించేవాడు. ముసలివాడని రౌతులు అతనికి ముందు అన్నం పెట్టేవారు. అతడు అందరూ తిన్నాక తినేవాడు.

రెండేళ్ళ తరువాత ఒక వర్తకుడు ఆ దారిన పోతూ, విజయమాడ ధర ఇప్పుడు రెండువందల మాడలు పలుకుతున్నదని చెప్పాడు. ఆకలికీ యుద్ధానికీ పోయినవారి మాడలు వారితోనే చితికెక్కాయట. మిగిలినవి డెబ్బై కూడా లేవట. "ఎంత తక్కువైతే అంత ధర కదా," అని వర్తకుడు నవ్వుతూ చెప్పి పోయాడు. ప్రోలోజు ఆ పూట పని చేయలేకపోయాడు. గోడ నీడలో కూర్చొని చేతులు చూసుకుంటూ ఉండిపోయాడు.

గుండయ వచ్చి పక్కన కూర్చున్నాడు. "అయ్యా, రెండేళ్ళుగా చూస్తున్నాను. మీ చేతులు రాళ్ళు మోసే చేతులు కావు. మీరెవరు?"

"టంకశాల ప్రోలోజును," అన్నాడతడు. "మీ మాడలు చెల్లకుండా చేసినవాణ్ణి. చెల్లేట్టు చేయగల మాట తెలిసీ చెప్పనివాణ్ణి." జరిగినదంతా చెప్పాడు, ఏదీ దాచుకోలేదు.

గుండయ చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అతని తమ్ముడు ఆ గోడ కిందనే ఆకలితో పోయాడు. చివరికి లేచి వెళ్ళిపోయాడు. ప్రోలోజు అలవాటైన మనిషిలా లేచి, ఉదయం సగంలో వదిలేసిన బండరాయి దగ్గరకు పోయి ఒక కొస ఎత్తబోయాడు. అది లేవలేదు. మళ్ళీ ఎత్తబోతే రెండో కొస దానంతటదే లేచింది. తలెత్తి చూస్తే అవతల గుండయ ఉన్నాడు. అతడు ప్రోలోజు ముఖం చూడలేదు.

"నడవండి," అన్నాడు. "గోడ ఇంకా చాలా ఉంది."