నేల లేని బొమ్మ

ఆ బొమ్మలో మీకు నేల కనిపించిందా? ముందు నిజం చెప్పండి.

హిల్యెకు ఏనాడూ కనిపించలేదు. హాలండ్ ఉత్తరపు కొసన ఉన్న ఆ పాత చర్చిని ఊడవడంలోనే ఆమె వయసంతా గడిచిపోయింది. లోపలి గదిలో గోడకు వేలాడే, సిరాతో గీసిన బొమ్మ ఆ చర్చిదే. స్తంభాలున్నాయి, పైకప్పు ఉంది, నేల మాత్రం లేదు. ఎన్నడో పోయిన ఆ గొప్ప చిత్రకారుడికి బద్ధకమేసి ఉంటుందని ఊరంతా నవ్వుకునేది.

ఆ చలికాలం వేడినీటి గొట్టాలు వెయ్యడానికి చర్చి నేలలో పరిచిన ఒక సమాధి రాయి ఎత్తారు. వెనకటి రోజుల్లో డబ్బున్నవాళ్లు చచ్చాక కూడా చర్చి లోపలే చోటు కొనుక్కున్నారు. వాళ్ల కుళ్లువాసన పీలుస్తూ ప్రార్థన చేసింది మాత్రం బీదాబిక్కీ. ఎముకలు తీసేశాక గొయ్యి ఖాళీగా ఉంది.

పొద్దు వాలింది. పనివాళ్లు వెళ్లిపోయారు. హిల్యె భర్త విగర్ట్, రాతిపనిలో మోకాళ్లు అరిగిపోయినవాడు, బొమ్మను చూసొచ్చి గోతిలోకి చూశాడు. గీసినవాడిది బద్ధకం కాదన్నాడు. నేలకంటే కింద కూర్చుంటే నేలెలా కనిపిస్తుందన్నాడు.

"దిగకయ్యా. నిన్ను పైకి లాగే ఓపిక నాకు లేదు."

"అయితే అక్కడే పూడ్చెయ్. ఖర్చు కలిసొస్తుంది."

నవ్వుతూనే లాంతరు పట్టుకుని దిగాడు.

తడిమట్టి వాసన. అందులో ఇంకేదో కలిసిన వాసన... తుప్పుపట్టిన ఇనుములా, పుల్లగా. పాత సిరా వాసన.

స్తంభాలన్నీ బొమ్మలో ఉన్నట్టే కుదిరాయని కిందనుంచి చెప్పాడు. అంతలోనే విసుక్కున్నాడు.

"ఆ స్తంభం దగ్గర్నుంచి తప్పుకోవే. అడ్డంగా ఉన్నావు."

హిల్యె స్తంభం దగ్గర లేదు. అతని తల వెనక, గోతి అంచున నిలబడి ఉంది.

లాంతరు ఆరిపోయింది.

"పైకి రా," అని గుసగుసగా పిలిచింది. మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాచింది. కిందనుంచి ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. చల్లగా... జిగటగా... వేలికి ఉంగరం తగిలింది. పెళ్లినాడు తను తొడిగిందే. సుత్తి దెబ్బకు పడిన నొక్కు కూడా ఉంది. గుండె కుదుటపడి లాగింది. బరువు కదిలింది.

అప్పుడు స్తంభం వైపునుంచి విగర్ట్ గొంతు, చాలా మెల్లగా...

"ఎవర్ని లాగుతున్నావే? నేనిక్కడున్నాను."

ఆమె చేతి మీద పట్టు బిగిసింది. ఆ వేళ్లనుంచి సిరా వాసనేసే తడి మణికట్టు దాకా పాకింది. ఉంగరం మాత్రం అతనిదే.

చెప్పండి. మీరైతే ఆ చెయ్యి వదిలేస్తారా?