అంచుదాకా పోసిన కాఫీ

వాన మొదలైన ఉదయమే వాదన కూడా మొదలవ్వాల్సింది. అవ్వలేదు. షాహెర్ బాధ అదే.

సల్త్ ఊరి మెట్లవీధి మెలి తిరిగేచోట అతని మినీబస్సు ఆగి ఉంది. ఎక్కవలసినవాళ్ళందరూ ఎక్కారు. అమ్మాన్‌లో ఆఫీసులకు అందవలసినవాళ్ళు గడియారాలు చూసుకుంటున్నారు. అద్దాల మీద చినుకులు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి.

"ఇంకా ఎవరికోసం ముఅల్లిం, ఈ ఆగడం?" అని అడిగాడు వెనక సీటు ముసలాయన.

"బ్రేకు వేడెక్కింది పెద్దాయనా, చల్లారనివ్వండి."

"ఇంత వానలో వేడెక్కిందా? బ్రేకేనా వేడెక్కింది?"

బస్సంతా నవ్వింది. షాహెర్ చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడే మెట్ల మీంచి గొడుగు ఒకటి దిగింది. గొడుగు కింద రుదైనా దిగింది. రాజనీతిశాస్త్రంలో పరిశోధన చేస్తున్న రుదైనా చంకలో, ప్లాస్టిక్ సంచీలో చుట్టిన పోస్టర్లున్నాయి. రానున్న మునిసిపల్ ఎన్నికల్లో ఇంజినీరు వసీమ్ గెలవాలని ఊరంతా అవి అతికిస్తోందామె. షాహెర్ బస్సు వెనక అద్దం మీద మాత్రం వసీమ్ ప్రత్యర్థి హాజీ అబూ రకాన్ బొమ్మ ఉంది. ఆయన బడి మొహం చూడని మనిషి. ఊళ్ళో తగాదాలన్నీ తీర్చే మనిషి.

"ముఅల్లిం, వెనక అద్దంలో మీకు దారి కనిపిస్తోందా?" అంది రుదైనా కూర్చుంటూ.

"దారెందుకండీ, హాజీ మీసం కనిపిస్తోందిగా! అది చూసి లారీలు కూడా హారన్ కొట్టడం మానేశాయి."

ఆమె నవ్వింది. అతనికి ధైర్యం వచ్చింది. గేరు మారుస్తూ గొంతూ మార్చాడు.

"అయినా పట్టణాన్ని నడపడానికి పట్టా ఎందుకండీ? చెప్పండి."

చెబుతుందని చూశాడు. ఎదురు మాట కోసం అద్దంలో ఎదురుచూశాడు. ఆమె పెదవి విప్పింది, ఏదో అనబోయింది, ఆగింది.

"మీరన్నదీ నిజమే," అంది.

నిజమే! ఏడాదిగా అదే మాట. పది చదివి బడి మానేసిన డ్రైవరుతో వాదనెందుకనుకుంటోందా? పైగా 'ముఅల్లిం' అని పిలుస్తుంది. బడిలో పాఠం చెప్పేవాడినీ, బస్సు నడిపేవాడినీ ఆ ఊళ్ళో అదే మాటతో పిలుస్తారు. ఆమె పిలుపులో తాను ఏ ముఅల్లిమో షాహెర్‌కి ఎన్నడూ తేలలేదు.

శుక్రవారం భోజనాలయ్యాక రుదైనా ఇంట్లో పదిమందీ చేరడం మామూలు. ఆమె తండ్రి అబూ హాజిమ్ హెడ్‌మాస్టరుగా రిటైరైనా, ఆయన ముందుగది ఇంకా బడిలాగే ఉంటుంది. ఏ పార్టీవాళ్ళయినా రావచ్చు, ఏ మాటయినా అనవచ్చు. ఒక్కటే నియమం. ఎదుటివాడి మాట కాదనాలనుకున్నవాళ్ళు, ముందు లేచి వెళ్ళి అతని కప్పులో కాఫీ పొయ్యాలి.

"చేతిలో కూజా ఉన్నవాడు చెయ్యెత్తలేడు," అంటాడాయన.

ఆ గదిలో కాఫీకి తన భాష తనకుంది. అడుగున కొంచెం పోస్తే ఆదరం. అంచుదాకా పోస్తే 'తాగి బయల్దేరు' అని అర్థం. తాగినవాడు కప్పు ఊపితే చాలని, ఊపకుండా చాపితే ఇంకా కావాలని. తాగకుండా కింద పెడితే? ఆ ఇంటివాళ్ళను అడగవలసింది ఏదో ఉందన్నమాట. అది తీరుస్తామని ఇంటివాళ్ళు మాటిచ్చేదాకా అతిథి ఆ కప్పు ముట్టడు.

ఏడాదిగా ఆ గదిలో షాహెర్‌కి మాస్టారు పోశాడు, పొరుగువాళ్ళు పోశారు. రుదైనా ఒక్కసారీ పొయ్యలేదు.

అప్పుడప్పుడూ వచ్చే డాక్టర్ బిషర్ ఆ శుక్రవారం కూడా వచ్చాడు. మాస్టారి పాత శిష్యుడు, ఊరందరికీ 'దుక్తూర్'. పై దేశంలో చదివి, యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్నాడు. కోటు బాగుంది, మాట బాగుంది, చివరికి దగ్గు కూడా బాగుంది. షాహెర్ తన స్వెటరు మోచేతి దగ్గర చిరుగు మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాడు.

"మంచి మనసుతో ఊరు నడవదు మాస్టారూ," అన్నాడు బిషర్. "టెండర్లుంటాయి, లెక్కలుంటాయి. మంచి మనసు సంతకం పెట్టేస్తుంది. దేని మీద పెట్టిందో చదవదు. డిగ్రీ లేనివాడు అసలు పోటీయే చెయ్యకూడదని నా అభిప్రాయం."

రుదైనా చటుక్కున లేచింది. కూజా అందుకుంది.

"మీరు వసీమ్ వైపే, నేనూ వసీమ్ వైపే. కానీ ఈ మాట ఒప్పుకోను దుక్తూర్!" అంటూ అతని కప్పులో కాఫీ పోసింది. "డిగ్రీ లేకపోతే పోటీ చెయ్యకూడదంటే, ఊళ్ళో సగం మందికి నోరు కుట్టేసి మిగతా సగానికి మైకు ఇచ్చినట్టు!"

"మైకు పట్టుకోవడం తెలిసినవాళ్ళకే ఇవ్వాలిగా?"

"పట్టుకోవడం మీరెక్కడ నేర్చుకున్నారు? ఎవరో ముందు ఇస్తేనేగా!"

గది నవ్వింది. బిషర్ తాగాడు, కప్పు ఊపలేదు, చాపాడు. ఆమె పోసింది, కాదంది. అతను తాగాడు, చాపాడు. ఆమె కనుబొమ్మ ఒకటి విల్లులా లేచింది. ఆ కనుబొమ్మ తనకోసం ఎన్నడూ లేవలేదని షాహెర్‌కి గుర్తొచ్చింది. తమ వైపువాడితోనే ఇంత పోట్లాటా! ఎదుటి వైపున్న తనతో మాత్రం 'నిజమే'నా! కూజా ముక్కు కూడా బిషర్ వైపే వంగుతోంది. బయట వాన సైతం బిషర్ కూర్చున్న వైపు కిటికీ మీదే పడుతున్నట్టుంది.

"ఏం నాయనా, అంత ముడుచుకుపోయావ్? చలా?" అంది రుదైనా తల్లి ఉమ్ము హాజిమ్, పొయ్యి పక్కన నారింజలు ఒలుస్తూ.

"కాదమ్మా. వేడి."

అప్పుడే బిషర్ అతని వైపు తిరిగాడు. స్నేహంగానే తిరిగాడు. "ముఅల్లిం షాహెర్ ఏమంటారు? రోజూ జనంలో తిరిగే మనిషి."

ఆ 'ముఅల్లిం' పుండు మీద కారంలా పడింది.

"నేనేమంటాను? చదవేస్తే ఉన్న మతి పోయిందని పెద్దలు ఊరికే అన్నారా? మిమ్మల్ని చూసే అనుంటారు!"

గది నవ్వలేదు. రుదైనా చేతిలో కూజా నిలిచిపోయింది. నారింజ తొక్క ఒకటి పొయ్యి మీద పడి చిటపటలాడింది.

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోప్పడలేదు. "తిట్టినవాడికి ఈ ఇంట్లో ఒకటే శిక్ష, నాయనా. తిట్టు తిన్నవాడి తరఫున నువ్వు మాట్లాడాలి. 'అవును, నా మనసులో మాట ఇదే' అని ఆయన అనేదాకా."

షాహెర్ తల దించుకున్నాడు. సిగ్గు మెడ దాకా వచ్చింది. తిట్టు తిన్న బిషర్ మొహం చూస్తే అసూయ అడుగంటిపోయింది. బిషర్ తరఫున మాట్లాడడం మొదలుపెట్టాడు.

"ఈ కొండల మీద మా నాన్నకి తెలియని మొక్క లేదు. ఎవరికి కడుపు నొప్పొచ్చినా ఆయన దగ్గరికే. ఒకరోజు ఆయనే ఛాతీ పట్టుకున్నాడు. అజీర్ణం అన్నాడు. ఇన్నేళ్ళ అనుభవం అలా చెప్పింది. ఎదురింట్లో మెడిసిన్ చదివే కుర్రాడు ఒకడుండేవాడు. గుండె అన్నాడు, ఆసుపత్రికి పదండన్నాడు. వాడికింకా సరిగా మీసం కూడా రాలేదు. మేం నవ్వాం. సోంపు కషాయం కాచి ఇచ్చాం."

షాహెర్ మోచేతి చిరుగు మీంచి చెయ్యి తీసేశాడు.

"నాన్న పోయాక నేను బడిసంచీ దించి బస్సు తాళాలు తీసుకున్నాను. డాక్టర్ గారు చెప్పేది ఇదే. తనకేం తెలియదో అనుభవానికి తెలియదు. చెప్పడానికి పక్కన చదువుండాలి." బిషర్ వైపు తిరిగాడు. "ఇందాక నేనన్నది తప్పు. క్షమించండి."

బిషర్ తలూపాడు. "అవును. నా మనసులో మాట ఇదే. నేనెప్పుడూ ఇంత బాగా చెప్పలేదు." ఆపైన మెల్లగా నవ్వాడు. "మాస్టారూ, ఇప్పుడు నేను గెలిచానా, ఓడానా?"

"ముందు కూర్చో. నీకు మార్కులు తర్వాత."

"కానీ," అన్నాడు షాహెర్, "నా ఓటు హాజీ అబూ రకాన్‌కే. ఆ కుర్రాడి మాట నిజమే. మేం వినలేదు. ఊరు నమ్మే పెద్దమనిషి ఒకడు పక్కన నిలబడి 'వాడు చెప్పేది వినండిరా' అనుంటే వినేవాళ్ళం. చదువు చెబుతుంది. వినిపించేవాడు వేరే ఉండాలి."

రుదైనా కదిలింది.

కూజాతో గది దాటి, బిషర్‌ని దాటి, షాహెర్ ముందుకొచ్చి నిలబడింది. ఏడాదిలో మొదటిసారి. అతని గుండె బస్సు ఇంజనులా కొట్టుకుంది. కప్పు చాపాడు. ఆమె పొయ్యడం మొదలుపెట్టింది. కాదనబోతోంది! తనని, తన మాటని, నలుగురిలో, నిజంగా కాదనబోతోంది!

ఆమె కాఫీ పోస్తూనే ఉంది.

అడుగు నిండింది. సగం నిండింది. అంచు తాకింది. ఒక చుక్క పొర్లి అతని బొటనవేలి మీద పడింది.

నిండు కప్పు! తాగి బయల్దేరు! బిషర్‌కి చుక్కచుక్కగా ఆదరం, తనకి అంచుదాకా వీడ్కోలు. ఇంత మర్యాదగా ఎవరినైనా గెంటేస్తారా!

తాగడానికి మనసు రాలేదు. వెళ్ళిపోదామని కప్పు కింద పెట్టి లేవబోయాడు.

లేవలేకపోయాడు. అందరూ అతన్ని కాదు, కప్పుని చూస్తున్నారు. తివాచీ మీద, పొగలు కక్కుతూ, ముట్టని కప్పు.

"ఓహో," అన్నాడు మాస్టారు నెమ్మదిగా. వెనక్కి వాలినవాడు నిటారుగా కూర్చున్నాడు. "ఏం కోరి వచ్చావు నాయనా?"

"అయ్యో, అది కాదు మాస్టారూ, నేను వెళ్దామని..."

"వెళ్ళేవాడు తాగి వెళ్తాడు. తాగనివాడు అడుగుతాడు. అడుగు."

ఉమ్ము హాజిమ్ నారింజ పక్కన పెట్టింది. షాహెర్ తలెత్తాడు. రుదైనా కూజాని రెండు చేతులా పట్టుకుని ఉంది. చూపు మాత్రం ఇంకా అతని మొహం మీదే ఉంది. కళ్ళు కప్పు కంటే నిండుగా ఉన్నాయి. అప్పుడు అర్థమైంది. పోస్తున్నంతసేపూ ఆమె కప్పుని చూడనేలేదు.

ఇప్పుడు కాదంటే ఎప్పటికీ కాదు.

"మాస్టారూ," అన్నాడు, "ఇలాంటివి అడగాల్సింది పెద్దలు. నాకా తండ్రి లేడు. మా చిన్నాన్నని పంపేవాణ్ణే. కానీ నాకంటే ముందు నా కప్పు నోరు జారింది. పది చదివినవాణ్ణి. నాకున్నది ఒక బస్సు, ఒక నోరు. ఆ నోరు ఇందాక జారింది కూడా. మా పెద్దల్ని మీ గుమ్మానికి పంపడానికి సెలవు అడుగుతున్నాను. రుదైనా కోసం."

పొరుగాయన చేతిలో జపమాల ఆగిపోయింది. బిషర్ తన ఖాళీ కప్పులోకి చూసుకున్నాడు.

"నేనూ ఒక శుక్రవారం కప్పు కింద పెడదామనే అనుకున్నాను మాస్టారూ," అన్నాడు నవ్వే ప్రయత్నంలో. "కానీ వచ్చినప్పుడల్లా ఆవిడ వాదనకి నోరెండిపోయి తాగేస్తున్నాను." కప్పుని మెల్లగా ఊపి పక్కన పెట్టాడు.

మాస్టారు కూతురి వైపు తిరిగాడు. "ఇందులో నా జవాబు రెండోది. ఇంటి నియమం నీకు తెలుసు. కాదనేవాళ్ళు అతని కప్పులో కాఫీ పొయ్యాలి."

"తెలుసు నాన్నా. నేను కాదంటాను," అంది రుదైనా.

షాహెర్ కళ్ళు మూసుకున్నాడు.

"అబూ రకాన్ విషయంలో కాదంటాను. చదువు విషయంలో సగం కాదంటాను. ఏడాదిగా మీ ప్రతి మాటకీ నా దగ్గర ఎదురు మాట ఉంది. అద్దంలో మిమ్మల్ని చూసి మింగేశాను."

"నాతో వాదన దండగనా?"

"దుక్తూర్‌తో గొడవపడితే రాత్రి హాయిగా నిద్రపోతాను. మీతో గొడవపడితే మర్నాడు బస్సు మలుపు దగ్గర ఆగదేమోనని భయం."

"ఆగకుండా ఎలా పోతుందండీ! బ్రేకు అక్కడే కదా వేడెక్కుతుంది!"

"అక్కడ ఆపేది కూడా అబూ రకాన్ మీసం అడ్డుపడే అనుకున్నాను," అందామె. కనుబొమ్మ లేచింది. ఈసారి అతనికోసమే. వంగి కూజా ఎత్తింది, కప్పులోకి చూసింది, ఆగింది.

"ఇది నిండుగా ఉంది. నా అభ్యంతరాలు ఎక్కడ పొయ్యను?"

ఆమె కూజా దించింది.

"షాహెర్," అంది. ముఅల్లిం అనలేదు. "ముందు మీ కాఫీ తాగండి."

ఆ ఊళ్ళో పుట్టిన ఆడపిల్లకి తానేమందో తెలియకుండా ఉండదు. 'నీ కాఫీ తాగు' అంటే, నువ్వు కోరింది నీదని.

మాస్టారు గంభీరంగా తలాడించాడు. "నా జవాబు కూడా అదే నాయనా. చిన్నాన్నని వచ్చే శుక్రవారం తీసుకురా. ఎవరికి ఓటేస్తాడో మాత్రం గుమ్మం బయటే చెప్పి రమ్మను." ఆయన మాట పూర్తవకముందే ఉమ్ము హాజిమ్ నాలుక ఆడించి చేసిన మంగళధ్వని మెట్లవీధి చివరిదాకా మోగింది.

షాహెర్ తాగాడు. కాఫీ చల్లారింది. చేదుగా ఉంది. ఒక్క చుక్క మిగల్చలేదు.

చాలనుకుంటే కప్పు ఊపాలి. అతను ఊపలేదు. రుదైనా ముందుకి చాపాడు.