వరస తప్పిన రీలు

చచ్చిపోయిన సైనికుడు తాపీగా గడ్డం గీసుకోవడం మొదలుపెట్టాడు. అనంతపురం కాలేజీ హాల్లో, ఆ ఆదివారం ఉదయం, వందమంది ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

అది పోలెండు దేశపు నలుపు తెలుపు యుద్ధచిత్రం. కింద ఇంగ్లీషు అక్షరాలైనా లేవు. ఫిల్ము సొసైటీ కార్యదర్శి, కొత్తగా చేరిన ఫిజిక్సు లెక్చరర్ సురేంద్ర వేదికెక్కి, కాలాన్ని విరిచి కథ చెప్పడం ఒక శిల్పమని పావుగంట వివరించాడు.

వెనక వరుసలో ఒక అమ్మాయి లేచింది.

"సార్, రీళ్ళు వరస తప్పినాయి. మా ధర్మవరంలో మగ్గం మీద డిజైను నేసే జకార్డు అట్టలు తారుమారైతే ఇంతే. నెమలికి తోక ముందొస్తాది."

"ఇది సినిమా. చీర కాదు," అన్నాడు సురేంద్ర.

హాలంతా నవ్వింది. బీఎడ్ చదువుతున్న ఆ అమ్మాయి, చౌడేశ్వరి, మాత్రం నవ్వలేదు. కూర్చోనూ లేదు.

అది నలభై ఒక్క ఏళ్ళ కిందటి మాట.

ఇప్పుడు అదే సినిమా ఇంటర్నెట్టులో దొరికింది, ఇంగ్లీషు అక్షరాలతో సహా. సురేంద్రకు అరవై ఆరు నిండాయి. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళతో తగిన ఆధారాలు లభించలేదనేవాడు. చౌడేశ్వరి లెక్కల టీచరుగా రిటైరై, భర్త పోయాక రాయదుర్గంలో తమ్ముడి ఇంట ఉంటోంది. నిరుడు పింఛనుదారుల సభలో మళ్ళీ కలిసింది. ఆమెను అతను సినిమాకని అనంతపురంలోని తన ఇంటికి పిలిచాడు గాని, అసలు సంగతి వేరు. ఇకమీదట ఈ ఇంట్లో తనతో ఉండమని అడగాలి. అంతకుముందు చెప్పవలసిన మాట ఒకటి నలభై ఒక్క ఏళ్ళుగా గొంతులోనే ఉండిపోయింది.

మధ్యాహ్నం రెండు గంటలు. బయట మబ్బులున్నాయి. వాటిని నమ్మే అలవాటు ఆ ఊళ్ళో ఎవరికీ లేదు.

చౌడేశ్వరి బొరుగుల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని టీవీ ముందు కూర్చుంది. "ఏం సార్, ఈసారి ఉపన్యాసం లేదా?"

"లేదు."

"అయితే అర్థమైతాది."

తెర మీద మంచు, కూలిన వంతెన. ప్రొజెక్టరు టకటకలు లేని ఆ నిశ్శబ్దంలో సురేంద్రకు ఏదో వెలితిగా తోచింది. ఆనాడు హాలు కిటికీలకంటించిన నల్ల కాగితం సందుల్లోంచి దూరిన ఎండలో నిలబడ్డ అమ్మాయి గుర్తుకొచ్చింది. సైనికుడు ఈల వేస్తూ గడ్డం గీసుకుంటున్నాడు. ఇంకా చావలేదు. కాసేపట్లో చస్తాడు. రుజువు బయటపడ్డాక ఒప్పుకుంటే అది ఒప్పుకోలే కాదు. సురేంద్ర రిమోటు నొక్కి ఆపాడు.

"నెట్టు ఆగిందా?"

"కాదు, నేనే ఆపినా. ఆ పొద్దు నువ్వు చెప్పిందే నిజం. సాయంత్రం డబ్బాల మీద నంబర్లు చూసినా. మూడోది పక్కన పెట్టి నాలుగోది ముందేసినాం. తెలిసి కూడా నీకు చెప్పలేదు."

ఆమె బొరుగుల్లో సెనగ్గింజలు ఏరుకుంటూ, "నాకు తెలుసు," అంది.

"ఎట్ల?"

"ప్రొజెక్టరు సుంకన్న ఆ పొద్దే బస్టాండులో చెప్పినాడు. మీరొచ్చి చెప్తారని ఏడాది చూసినా సార్. ఆ మీదట మా నాయన సంబంధం కుదిర్చినాడు."

ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన మనిషి రిమోటును అటూ ఇటూ తిప్పాడు.

"మరి ఇప్పుడెందుకొచ్చినావు?" అన్నాడు.

"సినిమా చెప్పకముందే మీరు చెప్తారా లేదా అని. చెప్పినారులే. కానీ అప్పుడు వందమంది ముందర నవ్వించినారే, ఇప్పుడు నా ఒక్కదాని ముందర ఒప్పుకుంటే సరిపోతాదా?"

న్యాయమే. నలుగురిలో చేసిన తప్పును నలుగురిలోనే దిద్దుకోవాలని తరగతిలో బోధించింది తనే.

ఆమె ఫోను తీసి తమ్ముడి కూతురికి కలిపింది. లహరికి రాయదుర్గంలో జీన్సు కుట్టే యూనిట్ ఉంది. ఇరవై మిషన్ల రొద వినిపించింది.

"లహరీ, స్పీకరు పెట్టి మిషన్లు ఆపమను. ఒక సారు తప్పు ఒప్పుకుంటాడంట."

"ఉండత్తా. ఏమప్పా, అందరూ ఆపండి."

రొద ఆగింది. సురేంద్ర గొంతు సవరించుకుని రీళ్ళ సంగతంతా చెప్పాడు. అటువైపు ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇంతేనా సార్?" అంది లహరి. "నలభై ఏండ్లు దాచిపెట్టింది ఇదేనా? ఈడ ఇరవైమంది పని ఆపి కూర్చోనుండారు."

చౌడేశ్వరి కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె వేళ్ళ మధ్య సెనగ్గింజ అలాగే ఉంది.

"ఇంకొకటుండాది," అన్నాడు సురేంద్ర. "మీ అత్త ఈ ఇంట్లోనే ఉండిపోతే బాగుంటాదనిపిస్తాండాది. రిజిస్ట్రారాఫీసులో, చట్టప్రకారం. అప్పుడే అడగాల్సింది. ఇప్పుడడుగుతాండా."

ఒక్క మిషను కూడా కదల్లేదు.

"మాకేం అడ్డం లేదు సార్," అంది లహరి మెల్లగా. "చెప్పాల్సింది అత్త. ఏమత్తా?"

"సాక్షులు ముగ్గురు కావాలంట," అంది చౌడేశ్వరి. "మీ నాయనకు చెప్పు. ఇంక ఫోను పెట్టేయ్."

"ముగ్గురని నీకెట్ల తెలుసు?" అన్నాడు సురేంద్ర.

"పోయిన నెల్లోనే కనుక్కున్నా. సినిమా పెట్టండి సార్."

సినిమా మళ్ళీ కదిలింది. సైనికుడు వంతెన దగ్గర పడిపోయాడు, ఈసారి లేవలేదు. చౌడేశ్వరి కళ్ళు తుడుచుకుంది, ఒక్క చేత్తోనే. రెండో చెయ్యి సురేంద్ర చేతిలో ఉంది.