నొప్పి తగ్గాక కనబడే గుర్తు

"నీకెప్పుడూ నామీద గెలవాలనే యావేనా?" అంటూ ఒడెట్ ఈసీజీ కాగితాన్ని లాక్లన్ చేతిలోంచి లాక్కుంది.

హాలిఫాక్స్‌లోని ఆ ఆసుపత్రిలో ఇద్దరూ గుండె వైద్యం నేర్చుకుంటున్నవాళ్ళే. ఏ ఈసీజీ వచ్చినా ఆమె ఒకటంటే అతను ఇంకొకటంటాడు. మిగతావాళ్ళకు అదో వినోదం. కానీ ఈ కాగితం ఒడెట్ వాళ్ళ నాన్నది.

"నాన్నకు ఛాతీ నొప్పి తగ్గిపోయింది. రక్తపరీక్ష కూడా బాగుంది. కాసేపు ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండె ఎలా ఉందో చూసి ఇంటికి పంపేద్దాం."

"వద్దు ఒడెట్, నడిపిస్తే ప్రమాదం! ఈ రెండు లీడ్ల గీతలు చూడు. నొప్పి తగ్గాక ప్రతి స్పందన చివర వచ్చే ఈ 'టి' అలలు ఇలా తలకిందులయ్యాయంటే, గుండె ముందువైపు పెద్ద రక్తనాళం మొదట్లోనే మూసుకుపోబోతోందన్నమాట. ఇదే వేరేవాళ్ళదైతే నాకంటే ముందు నువ్వే అరిచేదానివి."

నిజమే. ఆమె కళ్ళు ఎప్పుడో చూశాయి, మనసే ఒప్పుకోలేదు. కాగితం అతనికే తిరిగిచ్చేసి, రేపే యాంజియోగ్రామ్ చేయిద్దామంది.

ఇద్దరూ వెళ్ళి ఆ మాట చెప్పేసరికి, అవతల మంచం మీద నాన్న ఆల్సీడ్ అప్పుడే బూట్లు తొడుక్కుంటున్నాడు.

"యాంజియోగ్రామా? రేపు లాబ్‌స్టర్ల వేట సీజన్ మొదలు కదయ్యా డాక్టరూ! తెల్లారేసరికి వాటిని పట్టే బోనులతో సముద్రంలోకి బయల్దేరాలి. నా పడవలో మనిషి తక్కువైతే మంచి చోట్లన్నీ పక్కవాళ్ళు పట్టేస్తారు."

"మీ బదులు నేను వెళ్తా కెప్టెన్ గారూ," అన్నాడు లాక్లన్. " రేపు నాకు సెలవే. మీరు మాత్రం ఇక్కణ్ణుంచి కదలకూడదు."

ఒడెట్ నోరెళ్ళబెట్టింది. రేవు దాటించే ఫెర్రీ ఎక్కినా వాంతి చేసుకునే మనిషి!

"ఈతొచ్చా?" అన్నాడు ఆల్సీడ్.

"లైఫ్ జాకెట్ వేసుకోవడం వచ్చండి."

ఆల్సీడ్ పకపకా నవ్వి, బూట్లు విప్పి అతని చేతిలో పెట్టాడు.

మర్నాడు యాంజియోగ్రామ్‌లో చూస్తే ఆ నాళంలో దారం పట్టేంత సందే మిగిలింది. వెంటనే స్టెంట్ వేశారు. ఒడెట్ ఆనందంతో ఏడుస్తూ లాక్లన్‌కు ఫోన్ చేసింది. పలకలేదు. మళ్ళీ చేసింది. కిటికీ అవతల వాన, గాలి. తన భయం ఒక్క నాన్న కోసమే కాదని అప్పుడు తెలిసిందామెకు.

సాయంత్రం తలుపు తోసుకుని వచ్చాడు లాక్లన్. మొహం పాలిపోయింది, ఒళ్ళంతా ఎర చేపల కంపు.

"బోనులన్నీ దించేశాం కెప్టెన్ గారూ! సగం నేనే... అంటే, మిగతా సగంసేపు వాంతులు."

"ఫోనెందుకు తియ్యలేదు? చచ్చిపోయాననుకో ఇక్కడ నేను!" ఒడెట్ గబగబా వెళ్ళి అతని తడి కోటు పట్టుకుంది. "అసలెందుకెళ్ళావ్?"

"మీ నాన్న యాంజియోగ్రామ్‌కి ఒప్పుకోవాలిగా."

"అంతేనా?"

"కాదు. నువ్వంటే నాకు ప్రాణం. ఎప్పట్నుంచో. నీతో వాదించేది కూడా ఇంకాసేపు నీ పక్కన నిలబడొచ్చని."

"ఈ ఒక్కదానికి మాత్రం నేను అడ్డం చెప్పను," అంది ఒడెట్, ఆ కంపు కోటుకే మొహం ఆనించి.

మంచం మీంచి ఆల్సీడ్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, వీడు సముద్రానికి బొత్తిగా పనికిరాడు. మనింటికి పనికొస్తాడు. ముందు స్నానం చేసి రమ్మను!"