లైటు వేయకూడని గది

మా ఆసుపత్రి దగ్గరున్న ఫిజిక్స్ ల్యాబ్ బిల్డింగ్ బేస్‌మెంట్‌లో చివరి గదికి మంచి పేరు లేదు. రాత్రిపూట లోపలికి పోయినవాళ్లని కొడుతుందని చెప్పుకునేవాళ్లు. నవ్వకండి. నేను క్యాజువాలిటీలో నర్సుని, ఆ దెబ్బలకి కట్లు కట్టింది నేనే. ఒకతనికి ముందు పళ్లు ఊడొచ్చాయి. ఇంకొకతనికి చెవి సగం తెగి వేలాడుతోంది. "ఎవరయ్యా కొట్టింది?" అంటే, "చీకటి కొట్టింది సిస్టర్" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఇంత చదువుకుని ఇదేం పోయేకాలం అనుకున్నాను.

ఆ తర్వాత ఓ రాత్రి మా ఆడపడుచునే స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. నేను చెప్పేదంతా తన నోట విన్నదే.

తనూ, తన మొగుడూ — నాకు అన్నయ్య వరస — ఆ గదిలోనే పని చేసేవాళ్లు. ఏం పనయ్యా అంటే, ఎలక్ట్రాన్ నున్నగా గుండ్రంగా ఉందా, ఎక్కడైనా రవ్వంత సొట్ట ఉందా అని కొలవడం. సొట్ట ఉంటే, ఇంతవరకు ఎవరికీ కనబడని కొత్త కణమేదో ఈ లోకంలో ఉన్నట్టేనట. "ఉంటే మనకేం ఒరుగుతుందే?" అని ఓసారి అడిగాను. చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

తనకి సొట్ట కనబడింది. మొగుడు నమ్మలేదు. "కేబుల్లో తప్పయ్యుంటుంది" అన్నాడు. అంతే, ఆ మాట మీద ఒకే ఇంట్లో ఇద్దరూ ఎడమొహం, పెడమొహం. ఇంకొక్క రాత్రి కొలిచి మళ్లీ అదే జవాబొస్తే సొట్ట నిజమే. తెల్లారితే మెషీన్ విప్పేసి గది వేరేవాళ్లకి ఇచ్చేస్తారు. పిల్ల బతుకంతా ఆ ఒక్క రాత్రి మీద పెట్టుకుంది.

ఆ గదికి కొన్ని పద్ధతులున్నాయి. మెషీన్ నడిచేటప్పుడు లైటు వేయకూడదు — లోపల అణువుల మినుకుని పట్టే కన్నొకటి ఉంటుంది, మామూలు వెలుగు పడితే మాడిపోతుంది. నోరెత్తకూడదు — గొంతు అదురుకే లేజర్ అద్దాలు చెదురుతాయి. ఇనుము లోపలికి తేకూడదు — దాని అయస్కాంత గుణానికి కొలత తప్పుతుంది. అక్కడ పానాలు కూడా ఇత్తడివే.

ఆ రాత్రి తను పై గదిలో స్క్రీన్ ముందు కూర్చుంది. గీత తిన్నగా పోతోంది... పోతోంది... ఉన్నట్టుండి ఊగింది.

గదిలో ఎవరైనా కదిలితేనే అలా ఊగుతుంది. తాళంచెవి చూస్తే తన దగ్గరే ఉంది.

కిందికి దిగింది. ఫోను, ఉంగరం, తాళంచెవి అన్నీ గుమ్మం బయటే పెట్టి, తలుపు కాస్త తీసి లోపలికి దూరింది. కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. గోడ తడుముకుంటూ నడుస్తోంది... పంపుల సన్నని రొద... ఆ రొదలో కలిసిపోయి, ఊపిరి. తనది కాదు.

"ఎవరూ?" అంది, పెదాలతోనే.

ఓ చెయ్యి వచ్చి మొహం మీద పడింది.

ఆ చెయ్యి జుట్టు దొరకబుచ్చుకుని తలని ర్యాక్ అంచుకేసి మోదింది. నుదురు చిట్లి రక్తం కళ్లలోకి కారింది. తను అరవలేదు. అరిస్తే అద్దాలు చెదురుతాయి కదా! చేతికందిన పానా తీసుకుని బలం కొద్దీ చీకట్లోకి కొట్టింది. పక్కటెముక విరిగిన చప్పుడు... స్పష్టంగా వినబడిందట. ఆ దెబ్బకి మనిషన్నవాడు కెవ్వున అరవాలి. అది కిక్కురుమనలేదు.

అప్పుడు తనకి గట్టిగా తెలిసిపోయింది — ఇది మనిషి కాదు.

కడుపులో మోకాటి దెబ్బ పడింది. తను ఆ చేతిని కండ ఊడేలా కొరికింది. ఇద్దరూ నేల మీద పడ్డారు. మళ్లీ పానా ఎత్తింది, దించింది, ఎత్తింది. వెచ్చగా ఏదో మోచేతిదాకా చిందింది. గుండెల మీదెక్కి కూర్చుని, పానా అడ్డంగా పెట్టి గొంతు నొక్కింది. లైటు స్విచ్చు పక్క గోడకే ఉంది, చెయ్యి చాపితే అందుతుంది. వేయలేదు. చంపేస్తే మిగతా రాత్రంతా ప్రశాంతంగా కొలుచుకోవచ్చు అనుకుందట. ఇది తనే చెప్పింది నాకు.

కింద ఉన్నది గిలగిల కొట్టుకుంటోంది... మెల్లగా తగ్గుతోంది... ఒక్క చేత్తోనే కొట్టుకుంటోంది.

మరి రెండో చెయ్యేదీ?

ఏ కత్తి తీస్తోందోనని భయపడి, భుజం దగ్గర్నుంచి తడుముకుంటూ పోయింది. మోచెయ్యి... మణికట్టు... వేళ్లు. ఆ వేళ్లు కింది అరలో ఉన్న అద్దం స్టాండుని కదలకుండా అదిమి పట్టుకుని ఉన్నాయి.

దెయ్యానికి అద్దంతో ఏం పని?

పానా వదిలేసి స్విచ్చు కొట్టింది. టప్‌మని చిన్న చప్పుడుతో ఆ కన్ను మాడిపోయింది. తన కింద మొగుడు. మొహం నల్లబడి, పెదవి చీలి, నాలుక బయటపెట్టి.

ఆయనా ఇంట్లో పడుకుని అదే గీత ఫోన్లో చూస్తున్నాడట. ఊగింది. పెళ్లానికి ఫోన్ చేయడానికి మొహం చెల్లక, పంపుల వైపు వెనక తలుపు తీసుకుని వచ్చాడు. ఎవరో తగిలారు, పలకలేదు, కొట్టాడు. నేనిద్దర్నీ వేరువేరు వార్డుల్లో అడిగాను. గీత ఊగాకే లోపలికెళ్లామని ఇద్దరూ ఒట్టేశారు. మరి ముందు లోపల కదిలిందెవరో... ఇప్పటికీ ఎవరికీ తెలీదు.

నుదుటికి కట్టు కడుతుంటే తను నా మణికట్టు పట్టుకుంది.

"లైటు వేయగానే కళ్లు తెరిచి ఏమన్నాడో తెలుసా వదినా? 'లైటెందుకేశావ్?' అన్నాడు."

"చచ్చేవాడికి అదా ధ్యాస? నువ్వేమన్నావు?"

వార్డు తలుపు వైపు ఓసారి చూసింది. తర్వాత, ఎవరూ వినకూడదన్నట్టు, నా చెవి దగ్గర అంది.

"ఏమీ అనలేదు వదినా. నిజమే, ఎందుకేశాను... అనిపించింది."