చేతకాని ఉలి

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టి అమ్మ ముందుగది తలుపు తీసింది. నాన్న వడ్రంగం కొట్టు ఆ గదిలోనే. రంపపు పొట్టు వాసన వంటింటిదాకా వచ్చింది. రేపటి నుంచి ఆ వాసన ఉండదు. పక్కనున్న సరుకుల వ్యాపారి ఆ గదిని గోదాముకు అడిగాడు. తాళంచెవి కోసం టిఫిన్ల వేళకి వస్తానన్నాడు.

నాన్న పీట మీద కూర్చుని పనిముట్లు గోనెసంచిలో సర్దుతున్నాడు. మోకాళ్లు మొరాయించాక వడ్రంగం ఆయన వల్ల కావడం లేదు. కొట్టు తాను నడుపుతానని కూతురు కొన్నాళ్లుగా పోరుతోంది. చిన్నప్పటి నుంచీ ఆయన పక్కన కూర్చుని కుర్చీకాళ్లు చెక్కినదే. కానీ నిరుడు బస్సు తలుపులో నలిగి కుడిచేతి చివరి రెండు వేళ్లు పోయాయి. ఆ తర్వాత ఓసారి ఉలి జారి అరచెయ్యి తెగింది. అప్పటి నుంచి ఆయన ఆమెను పనిముట్టు ముట్టుకోనివ్వలేదు.

ఆమె వచ్చి సంచి మూతి పట్టుకుంది. ఆయన లాక్కున్నాడు. ఆమె వదల్లేదు.

"ఇద్దరూ ముడులున్న కొయ్యలే. ఒక్కరి మీదా రంపం దిగదు," అంది అమ్మ గుమ్మంలోంచి.

"నీకు చేతకాదమ్మా," అన్నాడు నాన్న, మెల్లగానే.

కూతురితో ఆయన ఆ మాట అనడం అదే మొదటిసారి. పొయ్యి మీద పాలు పొంగుతున్నా అమ్మ కదల్లేదు.

కూతురు సంచి వదిలి ఆయన ఎదురుగా చతికిలబడింది. కాలేజీలో ఇంగ్లీషు చదివిన రోజుల నుంచి ఆమెకో పిచ్చి. ప్రతి మాటకీ పుట్టిల్లు వెతుకుతుంది. "ఏబుల్ అంటారు చూడు నాన్నా, చేతనైనవాడని. అది లాటిన్‌లో పుట్టింది. అక్కడ దానర్థం తేలిగ్గా పట్టుకోగలిగేది, చేతిలో ఒదిగేది అని. పనిముట్టుకి చెప్పాల్సిన మాటని మనుషులకి తగిలించారు."

"మన మాటలోనూ చెయ్యే ఉందిగా. చేత కాదంటే చేతితో కాదనే."

"ఏ పిడితో కాదో చెప్పలేదుగా ఆ మాట. నీ ఉలి పిడి అయిదు వేళ్లకి చెక్కింది. నాకున్నవి మూడు. కుదరనిది పిడి అయితే, చేతకానిది నేనెలా అవుతాను?"

ఆమె లేచి వెళ్లి, బియ్యం డబ్బా వెనక నుంచి ఒక ఉలి తెచ్చింది. అమ్మ చప్పున ముఖం తిప్పుకుంది. దాచింది ఎవరో నాన్నకి అర్థమైంది.

దాని పిడి ఒక పక్క పొట్టలా ఉబ్బి, ఇంకో పక్క బొటనవేలంత లోతుగా తొలిచి ఉంది. కూతురు చాటుగా చెక్కిన చెక్కుడు గరుకుగా ఉన్నా, కొయ్య పొర ఎటు పోతే అటే పోయింది. కూతురు దాన్ని బిగించి పట్టి, బల్ల అంచున ఒక్క తోపు తోసింది. పలచటి చెక్క చుట్ట లేచి నాన్న ఒళ్లో పడింది.

ఆయన చెయ్యి చాచి ఉలి తీసుకున్నాడు. ఉబ్బు అరచేతిలో అడ్డంపడింది. తిప్పి పట్టుకున్నాడు. మళ్లీ జారింది. నలభై ఏళ్లు ఉలి పట్టిన చెయ్యి దిక్కుతోచక తడుముకుంది.

"ఇది నా చేతికి పట్టడం లేదే."

"అవును నాన్నా. నీకు చేతకాదు."

ఆయన నవ్వబోయాడు. నవ్వు సగంలో విరిగి, కళ్లు నిండాయి. కూతురు తన కుడిచేత్తో ఆయన చెంప తుడిచింది. ఆ చేతిని ఆయన నిరుటి నుంచీ సూటిగా చూడలేకపోయాడు. ఇప్పుడు రెండు చేతులతో పట్టుకుని, మచ్చల్నీ పోయిన వేళ్ల మొదళ్లనీ వేలితో తడిమి చూశాడు, కొయ్యను చూసినంత శ్రద్ధగా.

బయట వ్యాపారి గొంతు వినిపించింది. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, తాళంచెవి ఇవ్వడం లేదని, కొట్టుకి మనిషి దొరికిందని చెప్పి పంపేసింది.

లోపల నాన్న సందులు పూడ్చే లప్పం ముద్ద తీసి బల్ల మీద పెట్టాడు.

"రంపం పిడి కూడా మార్చాలి. చెయ్యి ఇలా పెట్టి, అచ్చు పడేలా గట్టిగా అదుము."